పిల్ల ఏ వయసులో చచ్చింది? తేనెపెట్టెలో జబ్బును గుర్తుపట్టి, లెక్కగట్టి, ల్యాబుకు పంపే పద్ధతి

తేనెపెట్టెలో తేనెటీగల పిల్లలు చస్తున్నాయని తెలియగానే చాలామంది మందు కోసం పరుగెత్తుతారు. ఎవరో చెప్పారని టెట్రాసైక్లిన్ గోళీ పొడిచేసి పంచదార పాకంలో కలిపి పోస్తారు. చంపుతున్నది వైరస్ అయితే ఆ గోళీ దాన్ని తాకను కూడా తాకదు. తేనెలో మాత్రం మందు మిగిలిపోతుంది. నెల తిరిగేసరికి పెట్టె ఖాళీ. "మందు వేసినా పోయాయండీ" అనే మాట విన్నప్పుడల్లా ఒకటి అనుమానించాలి: వచ్చిన జబ్బు ఒకటి, వేసిన మందు ఇంకోదానికి.

పిల్ల ఏ వయసులో చచ్చింది, ఏ భంగిమలో చచ్చింది అని చూస్తే చాలా జబ్బులు పెట్టె దగ్గరే విడిపోతాయి. విడిపోనివాటికి ల్యాబు కావాలి. నమూనా సరిగ్గా తీస్తేనే ల్యాబు ఏమైనా చెప్పగలదు. బెంగళూరులో మేడ మీద రెండు పెట్టెలు పెట్టుకున్నవాళ్ళకూ, హొసకోటె, దేవనహళ్ళి, చింతామణి, కోలారు వైపు తోటల్లో పాతిక పెట్టెలు నడిపేవాళ్ళకూ పనికొచ్చేలా ఈ రెండు పనులూ ఇక్కడ వివరంగా ఉన్నాయి.

ముందు మీ ఈగ ఏదో తేల్చుకోండి

ఇక్కడ పెట్టెల్లో పెరిగేవి రెండు. ఒకటి మన పుట్ట తేనెటీగ. కన్నడంవాళ్ళు తుడువె అంటారు. చిన్న న్యూటన్ పెట్టెలో, ఏడు చట్రాల మీద ఉంటుంది. రెండోది ఇటాలియన్ ఈగ, పది చట్రాల లాంగ్‌స్ట్రాత్ పెట్టెలో ఉండేది. ఈ రెంటికీ ఒకే జబ్బుల జాబితా పట్టుకుని తిరగడం వల్ల సగం పొరపాట్లు జరుగుతాయి.

పుట్ట తేనెటీగకు పెద్ద గండం పిల్లపురుగుల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్. 1976లో థాయ్‌లాండ్‌లో బయటపడింది, 1991-92 ప్రాంతంలో దక్షిణాదిన పుట్ట తేనెటీగల పెంపకాన్ని తుడిచిపెట్టినంత పని చేసింది. దాని తరవాత మైనపు పురుగు, చీమలు. వరోవా పురుగు (ఈగల్నీ పిల్లల్నీ పట్టి తినే నల్లిలాంటిది) ఈ ఈగ మీద కొత్తగా పడింది కాదు. 1904లో శాస్త్రవేత్తలు దాన్ని మొదట వర్ణించింది జావాలోని పుట్ట తేనెటీగ మీదే. తరతరాలుగా కలిసి బతికిన జంట అది. పురుగు ఎక్కువగా పోతుటీగల (మగ ఈగల) గదుల్లోనే పిల్లలు పెడుతుంది, ఈగలు ఒకదాన్నొకటి దులుపుకుని దాన్ని వదిలించుకుంటాయి. అందుకే గూడు కూలదు.

ఇటాలియన్ ఈగకు ఆ అలవాటు బలంగా లేదు. దాన్ని కూల్చేది వరోవాయే. మరీ సరిగ్గా చెప్పాలంటే వరోవా డిస్ట్రక్టర్. 2000 సంవత్సరంలో దాన్ని జావా పురుగు నుంచి వేరు జాతిగా విడదీశారు. దీనికి తోడు ట్రోపిలెలాప్స్ అనే ఇంకో పురుగు ఉంది. దాని అసలు ఇల్లు పెరతేనెటీగ, కన్నడంలో హెజ్జేను. బెంగళూరు అపార్టుమెంట్ల బాల్కనీల కింద, నీళ్ళ ట్యాంకులకు వేలాడే పెద్ద పట్లు అవే. మీ ఇటాలియన్ పెట్టెకు దగ్గర్లో అలాంటి పట్టు ఉంటే ట్రోపిలెలాప్స్ కోసం ప్రత్యేకంగా చూడాలి.

కావాల్సిన సరంజామా

పొగడబ్బా, ముసుగు, చట్రాలు లేపే పరికరం మామూలే. పరీక్షకు అదనంగా ఇవి కావాలి: సన్నమొన పట్టకారు, పదిరెట్లు చూపే భూతద్దం, అగ్గిపుల్లలు, తెల్ల ప్లాస్టిక్ ట్రే, అర లీటరు వెడల్పుమూతి సీసా (మూతకు బదులు 3 మి.మీ. కన్నాల జాలీ బిగించింది), పొడి పంచదార, 70 శాతం ఇథనాల్, మూతబిగిసే 2 మి.లీ. గొట్టాలు, పెన్సిలు, పారేసే నైట్రైల్ చేతి తొడుగులు.

పెన్సిలే ఎందుకంటే ఇథనాల్ తగిలితే పెన్ను రాత చెరిగిపోతుంది. చీటీ మీద పెన్సిలుతో రాసి గొట్టం లోపలే పడేస్తారు.

ఒక పెట్టె చూసి ఇంకో పెట్టెకు వెళ్ళేముందు తొడుగులు మార్చాలి, పరికరాన్ని కడగాలి. ఐదు లీటర్ల వేడినీళ్ళలో కిలో చాకలి సోడా, కొంచెం గిన్నెలు తోమే ద్రవం కలిపిన బకెట్టు పక్కన పెట్టుకోండి. సోడానీళ్ళు మైనాన్ని, పుప్పొడి జిగురును వదిలిస్తాయి. ఆ మురికి పోకపోతే ఏ మందునీళ్ళలో ముంచినా ప్రయోజనం లేదు. చేతికీ కంటికీ తగలనివ్వకండి, మంట పుడుతుంది.

మూత తియ్యకముందు పది నిమిషాలు

గుమ్మం పక్కన, ఈగల దారికి అడ్డం రాకుండా కూర్చోండి. కింది నేల చూడండి. రెక్కలు నలిగి ముడుచుకుపోయిన పసి ఈగలు నేల మీద పాకుతుంటే వరోవా, దాంతో వచ్చే రెక్కలు వంకరపోయే వైరస్ లోపల ఉన్నట్టే. నాలుక బయటికి చాచి, ఒకేరోజు గుప్పెళ్ళకొద్దీ చచ్చి పడితే విషం అనుమానించాలి. పక్క తోటలో పురుగుమందు కొట్టారా, వీధిలో దోమలకు పొగ పెట్టారా అని అదేరోజు విచారించండి. గుమ్మం దగ్గర సుద్దముక్కల్లాంటి గట్టి తెల్ల, నల్ల గుళ్ళు కనిపిస్తే చాక్‌బ్రూడ్ అనే బూజు. అవి బూజు పట్టి ఎండిన పిల్లలు. తేమ తగ్గించి గాలి ఆడనిస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది.

పుప్పొడి మోసుకొచ్చే ఈగల్ని కూడా చూడండి. కాళ్ళకు పుప్పొడి ముద్దలతో వచ్చేవి బాగా ఉంటే లోపల ఆకలిగొన్న పిల్లలున్నట్టు, రాణి గుడ్లు పెడుతున్నట్టు. రాకపోకలున్నా పుప్పొడి లేకపోతే లోపల ఏదో తేడా ఉంది.

పిల్లల చట్రాన్ని చదవడం

ఎండ ఉన్న పూట, గాలి లేనప్పుడు తెరవాలి. డిసెంబరు, జనవరిల్లో బెంగళూరు పొద్దు చల్లగా ఉంటుంది కాబట్టి పదిన్నర దాకా ఆగండి. మార్చి నుంచి మే దాకా పదిలోపే ముగించండి. వాన పడుతుంటే తెరవకండి. పుట్ట తేనెటీగను ఊరికే కదిలిస్తే గూడు వదిలి లేచిపోతుంది. వారంలో మూడుసార్లు తెరిచి "ఏమైందో చూద్దాం" అనుకునేవాళ్ళ పెట్టెలే ముందు ఖాళీ అవుతాయి. నెలకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు.

చట్రం తియ్యగానే ఈగల్ని పెట్టెలోకే మెల్లగా విదిలించండి, రాణి దాని మీద లేదని చూసుకున్నాకే. వీపు సూర్యుడివైపు పెట్టి నిలబడితే వెలుతురు భుజం మీదుగా గదుల అడుక్కి పడుతుంది. అడుగు కనిపించకుండా జబ్బు చదవలేరు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లపురుగు ముత్యంలా తెల్లగా మెరుస్తూ, సున్నా చుట్టినట్టు ముడుచుకుని, పాలలాంటి ఆహారంలో పడుకుని ఉంటుంది. ఈగలు మైనంతో మూత వేసిన గదులు గోధుమరంగులో కొద్దిగా ఉబ్బి, పక్కపక్కన ఖాళీ లేకుండా పరుచుకుని ఉంటాయి.

ఇప్పుడు వయసు లెక్క. పుట్ట తేనెటీగలో కూలి ఈగ గుడ్డుగా 3 రోజులు, మూతలేని పిల్లపురుగుగా 5 రోజులు, మూత కింద 11 రోజులు, మొత్తం సుమారు 19 రోజులు. ఇటాలియన్‌లో 3, 6, 12, మొత్తం 21. మూతలేని దశలో చచ్చిందా, మూత పడ్డాక చచ్చిందా అన్నది ఈ కాలపట్టికలో పెట్టి చూడాలి.

మొదట ఖాళీల లెక్క తియ్యండి. మూత వేసిన భాగంలో ఒక వరసలో 10 గదులు, అలాంటి వరసలు 10, అంటే 100 గదులు ఎంచుకుని అందులో ఖాళీలు లెక్కపెట్టండి. 10 లోపైతే నిశ్చింత. 20 దాటితే కారణం వెతకాలి. కారణం ఎప్పుడూ జబ్బే కానక్కర్లేదు. రాణి తన దగ్గరి చుట్టాలైన పోతుటీగలతో జతకట్టినా ఇలాగే చిల్లులు పడతాయి. తప్పుగా పుట్టిన పోతుపిల్లల్ని కూలి ఈగలే తినేస్తాయి, గదులు ఖాళీ అవుతాయి. అప్పుడు చచ్చిన పిల్లలు కనిపించవు, ఖాళీలు మాత్రమే ఉంటాయి. ఒకటి రెండు పెట్టెలే ఉన్న మేడల మీద ఇది తరచూ జరిగేదే. రాణిని మారిస్తే పోతుంది.

చచ్చిన పిల్ల దొరికిందా, భూతద్దం తీయండి.

పిల్లపురుగు పూర్తిగా పెరిగి, గదిలో వెల్లకిలా నిలువుగా చాపుకుని, తల పైకెత్తి మొనదేలి చచ్చి ఉంటే థాయ్ శాక్‌బ్రూడ్. మూత ఈగలే పీకేసి ఉంటాయి, లేదా అసలు వెయ్యకుండానే వదిలేసి ఉంటాయి. అందుకే చట్రం నిండా పడవల మొనలు తేలినట్టు తలలు కనిపిస్తాయి. పట్టకారుతో తల దగ్గర పట్టి మెల్లగా లాగండి. చర్మం చిరగకుండా సంచిలా మొత్తం వచ్చేస్తుంది, తోకవైపు నీళ్ళు జారి బరువుగా వేలాడుతుంది. రంగు మొదట పాలిపోయిన పసుపు, తరవాత తలవైపు నుంచి గోధుమ, ఆపైన నలుపు. ఎండిపోయాక రెండు చివరలూ పైకి లేచిన పెంకులా గదిలోంచి సులభంగా ఊడొస్తుంది. దుర్వాసన పెద్దగా ఉండదు.

4, 5 రోజుల పసిపురుగు, మూత పడకముందే, మెలితిరిగి గది గోడకు ఆనుకుని పసుపుగా మారి చచ్చి ఉంటే యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్. బాక్టీరియా వల్ల వస్తుంది. చర్మం లోంచి శ్వాసనాళాల తెల్లగీతలు కనిపిస్తాయి. పులిసిన వాసన. పట్టుకుంటే సంచిలా రాదు, చిదిగిపోతుంది. మకరందం దొరకని రోజుల్లో, బలహీనపడ్డ గూళ్ళలో ఎక్కువ.

మూత పడ్డాక చచ్చి, మూత కిందికి కుంగి, నూనె రాసినట్టు ముదురుగా మారి, మధ్యలో వంకరటింకర కన్నం ఉంటే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనుమానం. ఇక్కడ అగ్గిపుల్ల పరీక్ష చెయ్యాలి. మందు లేని చివరను గదిలోకి దూర్చి, లోపలి ముద్దను కలిపి, మెల్లగా బయటికి లాగండి. కాఫీరంగు జిగురు తీగలా 2 సెం.మీ. లేదా అంతకంటే ఎక్కువ సాగి తెగిందంటే అనుమానం బలపడ్డట్టే. ఒక్క గదిలో చేసి వదిలెయ్యకండి, కనీసం ఐదు గదుల్లో చెయ్యండి. ఎండిపోయిన పిల్ల గది కింది గోడకు నల్లగా అతుక్కుపోయి పట్టకారుకు రాకపోవడం రెండో గుర్తు. ఈ బాక్టీరియా విత్తనాలు (స్పోర్లు) దశాబ్దాలపాటు బతికే ఉంటాయి. అందుకే ఆ చట్రాలు మళ్ళీ వాడరు.

నిర్ధారించుకోవడానికి చౌకైన పరీక్ష ఒకటుంది. ఒక శాతం వెన్నతీసిన పాలపొడి నీళ్ళు (100 మి.లీ.కి 1 గ్రాము) చిన్న సీసాలో పోసి, అందులో ఎండిన పిల్ల పెంకు వేసి, 37 డిగ్రీల దగ్గర ఉంచండి. పక్కన పెంకు వెయ్యని పాలసీసా కూడా పెట్టండి. పెంకు వేసింది 10 నుంచి 20 నిమిషాల్లో విరగకుండా తేటపడి, రెండోది తెల్లగానే ఉంటే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్. పుప్పొడి కలిసినా కొంత తేటపడుతుంది కాబట్టి పెంకు మాత్రమే వెయ్యాలి.

ఇంకో మూడు సంగతులు జబ్బులని పొరపాటుపడేవి.

పుట్ట తేనెటీగ పోతుటీగ గది మూత మధ్యలో సూదితో పొడిచినట్టు చిన్న కన్నం ఉంటుంది. మూత శంకువులా ఉబ్బి, నడినెత్తిన గుండ్రటి రంధ్రం. అది దాని సహజ కట్టడం. కొత్తవాళ్ళు "మూతలకు కన్నాలు పడ్డాయి, ఫౌల్‌బ్రూడ్" అని బెదిరి ఆరోగ్యమైన పోతుపిల్లల్ని కోసి పారేస్తారు. జబ్బు కన్నం అంచు చిరిగినట్టు ఉంటుంది, మూత కుంగి ఉంటుంది. ఇది గుండ్రంగా, ఉబ్బి ఉంటుంది.

రెండోది చలిపిల్ల. గుంపు చిన్నదై అంచుల్ని కప్పలేకపోతే, లేదా చట్రం చాలాసేపు బయట పెడితే, అన్ని వయసుల పిల్లలూ అంచుల్లో ఒకేసారి చస్తాయి. జబ్బైతే ఒక వయసును ఎంచుకుంటుంది. చలికి ఆ ఎంపిక లేదు.

మూడోది ఆకలి. పిల్లల చుట్టూ పాలు లేకుండా గదులు పొడిగా ఉండి, చట్రంలో తేనె, పుప్పొడి లేకపోతే కావాల్సింది తిండి.

వరోవా లెక్క: పొడి పంచదార పద్ధతి

ఇటాలియన్ పెట్టెలకు ఇది. పుట్ట తేనెటీగ చిన్న గుంపు నుంచి 300 ఈగల్ని తీసి దొర్లించడం వద్దు. అక్కడ పోతుగదులు పాతిక తెరిచి లోపలి పిల్లల్ని పట్టకారుతో తీసి చూడటం చాలు.

1. రాణి ఉన్న చట్రాన్ని వెతికి వేరే పెట్టెలో పెట్టండి. ఆమె కనబడకపోతే ఆరోజు పరీక్ష మానుకోండి.

2. మూతలేని పిల్లలున్న రెండు చట్రాల ఈగల్ని టబ్బులోకి విదిలించండి. అంచు చట్రాల ఈగలు పనికిరావు. పురుగులు పిల్లల్ని సాకే ఈగల మీదే ఎక్కువ, అంచు ఈగల్ని తీస్తే లెక్క తక్కువ చూపిస్తుంది.

3. సుమారు 120 మి.లీ. కొలపాత్రతో ఒకసారి ముంచి సీసాలో పొయ్యండి. అంటే దాదాపు 300 ఈగలు. మీ పాత్రకు ఎన్ని పడతాయో ఒక్కసారైనా, చచ్చిన ఈగలతో, లెక్కపెట్టి చూసుకోండి.

4. జాలీ మూత బిగించి, పైనుంచి రెండు టేబుల్‌స్పూన్ల పొడి పంచదార వెయ్యండి. సీసాను ఒక నిమిషం మెల్లగా దొర్లించి, నీడలో రెండు నిమిషాలు ఉంచండి. పంచదార వేడి పెంచుతుంది, ఈగలు కదులుతాయి, పురుగు పట్టు జారుతుంది. ఈ రెండు నిమిషాల ఓపిక లేకనే చాలా లెక్కలు తప్పుతాయి.

5. సీసా తలకిందులు చేసి తెల్ల ట్రేలోకి ఒక నిమిషం గట్టిగా విదిలించండి. ట్రేలో నీళ్ళు చల్లితే పంచదార కరుగుతుంది. ఆవగింజను అడ్డంగా నొక్కినట్టున్న, ఎర్రటి గోధుమరంగు పురుగులు తేలతాయి. నిడివి కంటే వెడల్పు ఎక్కువ, సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు.

6. ఈగల్ని పెట్టె మీద వదిలెయ్యండి. మిగతావి వాటిని నాకి శుభ్రం చేస్తాయి.

పురుగుల సంఖ్యను 3తో భాగిస్తే వందకు ఎన్నో వస్తుంది. 9 పురుగులు దొరికితే 3 శాతం. 2, 3 శాతం దాటితే చికిత్స ఆలోచించాలి. సున్నా వచ్చిందంటే పురుగే లేదని కాదు. 300లో ఒక్కటీ దొరకకపోయినా అసలు శాతం 1 దాకా ఉండే వీలుంది (3ను 300తో భాగించండి, గణాంకశాస్త్రంలో పెద్దలు వాడే అడ్డదారి). తోటలో పాతిక పెట్టెలుంటే కనీసం 8 చూడండి. ఒక్క పెట్టె లెక్క తోట మొత్తానిది కాదు.

జూన్ నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమకు పంచదార ముద్దకడుతుంది, ఈగలు తడిసి చస్తాయి, పురుగులు రాలవు. ఆ రోజుల్లో ఎండ కాసిన రెండో పూట చూసుకోండి. లేదా కొన్ని ఈగల్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడితే పంచదార బదులు 70 శాతం ఆల్కహాల్ పోసి ఒక నిమిషం ఊపండి. లెక్క దానిలోనే కచ్చితంగా వస్తుంది.

ట్రోపిలెలాప్స్ ఈ పద్ధతికి సరిగ్గా చిక్కదు. అది ఎక్కువకాలం గదుల్లోనే ఉంటుంది, పెద్ద ఈగ మీద ఆహారం తీసుకోలేదు. పిల్లలున్న చట్రం నుంచి ఈగల్ని దులిపేసి, తెల్ల ట్రే అంచున దాన్ని నాలుగుసార్లు గట్టిగా తట్టండి. మిల్లీమీటరు కంటే చిన్నగా, పొడవుగా, ట్రే మీద గబగబా పరుగెత్తే ఎర్రటి చుక్కలు అవి. వరోవా మెల్లగా పక్కకు పాకుతుంది. దీని పరుగు చూస్తే తేడా మర్చిపోరు.

ఈ పురుగులు రక్తం పీలుస్తాయని చాలాకాలం అనుకున్నారు. వరోవా ముఖ్యంగా ఈగ పొట్టకింద ఉండే కొవ్వుకణజాలం తింటుందని 2019లో ప్రచురితమైన పరిశోధన చూపింది. రోగనిరోధకశక్తి, మందుల విషం విరగ్గొట్టే పని ఆ కొవ్వుదే. అందుకే వరోవా పట్టిన గూడు మామూలు పురుగుమందుకూ వైరస్‌కూ తొందరగా లొంగుతుంది.

నోసిమా: సూక్ష్మదర్శిని ఉన్నవాళ్ళకు

ఇది కడుపులో పెరిగే సూక్ష్మజీవి. నోసిమా సెరానే 1996లో పుట్ట తేనెటీగలోనే గుర్తించారు. బయటికి గుర్తు దాదాపు కనబడదు, గుంపు నెమ్మదిగా చిక్కిపోతుంది. విరేచనాల మరకలు లేవని నోసిమా లేదనుకోకండి.

గుమ్మం దగ్గర తిరిగొచ్చే ముసలి ఈగల్ని 60 పట్టి, పొట్టలు మాత్రం 60 మి.లీ. నీళ్ళలో నూరి, పలచటి గుడ్డతో వడకట్టండి. రక్తకణాలు లెక్కించే గళ్ళ గాజుపలక మీద ఒక చుక్క వేసి, రెండు నిమిషాలు కుదురుకోనిచ్చి, 400 రెట్ల కింద చూడండి. బియ్యపుగింజల్లా మెరిసే విత్తనాలు కనిపిస్తాయి. 16 చిన్నగళ్ళ గుంపులు ఐదు, అంటే 80 గళ్ళు లెక్కపెట్టండి. మొత్తాన్ని 80తో భాగించి 40 లక్షలతో హెచ్చిస్తే ఒక్కో ఈగకు ఎన్ని విత్తనాలో వస్తుంది. 40 కనిపిస్తే 20 లక్షలు. ఈ పద్ధతిలో పట్టుకోగల కనిష్ఠం 50,000. 10 లక్షలు దాటితే చిక్కిపోతున్న గూడుకు కారణం ఇదే కావచ్చని చాలామంది పరిగణిస్తారు.

ల్యాబుకు పంపే నమూనాలు

బెంగళూరులో ఉన్నవాళ్ళకు వెసులుబాటు ఉంది. జీకేవీకే (గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం)లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల విభాగం ఉంది, హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది. నేరుగా డబ్బా పట్టుకుని వెళ్ళే బదులు ముందు ఫోన్ చేసి ఏ నమూనా, ఎన్ని, ఏ ద్రావణంలో అని అడగండి. అక్కడ పుట్ట తేనెటీగ అంటే అర్థం కాకపోతే తుడువె అనండి.

వైరస్ కోసం: థాయ్ శాక్‌బ్రూడ్ ఆర్‌ఎన్‌ఏ వైరస్. ఆర్‌ఎన్‌ఏ వెచ్చదనంలో గంటల్లోనే పాడవుతుంది. అప్పుడే చచ్చిన, ఇంకా నల్లబడని పిల్లల్ని పది తీసి, ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏలేటర్ ద్రావణంలో ముంచండి, లేదా పొడి మంచులో పెట్టి అదేరోజు ఇవ్వండి. చట్రాన్ని గోనెసంచిలో చుట్టి బస్సు డిక్కీలో వేసి, మూడో రోజు ఇస్తే ల్యాబుకు దొరికేది పిల్లల శవాలు మాత్రమే.

ఫౌల్‌బ్రూడ్ కోసం: పిల్లలున్న పట్టు ముక్క, 10 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు, తేనె లేనిచోట కోసి కాగితంలో చుట్టండి. ప్లాస్టిక్‌లో చుడితే చెమటపట్టి బూజొస్తుంది, అసలు బాక్టీరియా కనబడదు.

పురుగులు, నోసిమా కోసం: 100 ఈగలకు తగ్గకుండా 70 శాతం ఇథనాల్‌లో. ద్రవం ఈగల మట్టం కంటే పైన ఉండాలి.

పురుగుమందు విషం కోసం: తాజాగా చచ్చిన 100కు పైగా ఈగలు, ఆల్కహాల్ లేకుండా, ఫ్రీజర్‌లో. ఆల్కహాల్ మందును కడిగేస్తుంది.

చీటీ మీద తేదీ, ఊరు, పెట్టె నంబరు, ఈగ జాతి, ఏ వయసు పిల్ల, గత నెలలో ఇచ్చిన మందు, తిండి. చివరిది దాచకండి. టెట్రాసైక్లిన్ ఇచ్చి ఉంటే బాక్టీరియా ఫలితం మారిపోతుంది.

తేలాక

అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ నిర్ధారణ అయితే సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక గుమ్మం మూసి, గొయ్యిలో చట్రాలతో సహా తగలబెట్టి పూడ్చాలి. కష్టమైన పనే, కానీ పక్క పెట్టెలు మిగులుతాయి.

యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్‌కు ఈగల్ని శుభ్రమైన పెట్టెలో కొత్త మైనపు పలకల మీదికి దులిపి, పాత పిల్లల పట్లు కరిగించి, సమపాళ్ళ పంచదార పాకం సాయంత్రం పూట ఇవ్వండి. పగలు ఇస్తే పక్క గూళ్ళు దోచుకోవడానికి వస్తాయి, జబ్బు వాటికి అంటుతుంది. యాంటీబయాటిక్ పశువైద్యుడి సలహా లేకుండా వద్దు.

ఇటాలియన్ పెట్టెలో వరోవా ఎక్కువైతే 85 శాతం ఫార్మిక్ ఆమ్లం 5 మి.లీ. చిన్న సీసాలో పోసి, దూది వత్తి పెట్టి, అడుగు పలక మీద రోజూ 15 రోజులు ఉంచడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి. ఆవిరి మూత కింది పురుగునూ చంపుతుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వద్దు, ఆవిరి ఎక్కువై రాణి పోతుంది. తేనె గదులు తీసేసి ఉండాలి, చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పవు. మూతవేసిన పిల్లలు లేనప్పుడైతే ఆక్సాలిక్ ఆమ్లం: లీటరు సమపాళ్ళ పాకంలో 35 గ్రాములు, రెండు చట్రాల మధ్య సందుకు 5 మి.లీ., పెట్టెకు 50 మి.లీ. మించకుండా. ఇది మూత కిందికి చేరదు కాబట్టి పిల్లలుండగా పోస్తే సగం పురుగులు దాక్కుని మిగులుతాయి. చికిత్స ముగిశాక పంచదార లెక్క మళ్ళీ తియ్యండి. తియ్యకపోతే మందు పనిచేసిందో, చేసిందనుకున్నారో తెలియదు. ఈ రెండు ఆమ్లాలూ పుట్ట తేనెటీగకు వాడకండి.

ట్రోపిలెలాప్స్‌కు ఆమ్లం కంటే విరామం మేలు. రాణిని 21 రోజులు పంజరంలో పెడితే పిల్లలన్నీ బయటికొస్తాయి. పిల్లలు లేకపోతే ఆ పురుగు కొద్దిరోజులకు మించి బతకలేదు.

మైనపు పురుగు విషయం చిన్నది. బలమైన గూట్లో అది నిలవదు. ఈగలు కప్పని పట్లను తీసేసి, ఫ్రీజర్‌లో రెండు రోజులు పెట్టి, తరవాత గాలి చొరని సంచిలో దాచండి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, చీమలు ఎక్కవు. నీళ్ళలో ఆకులు పడి వంతెన కడతాయి, వారానికోసారి చూసుకోండి.

థాయ్ శాక్‌బ్రూడ్‌కు మందు లేదు. చెయ్యగలిగింది వైరస్‌కు పిల్లలు దొరక్కుండా చెయ్యడం. బాగా పట్టిన పట్లు తీసి పూడ్చేసి, రాణిని పంజరంలో 19 రోజులు ఉంచి, పాకం పెట్టండి. పెట్టెను అక్కణ్ణుంచి కదపకండి, ఆ పెట్టె పట్టు ఇంకో పెట్టెకు మార్చకండి. రాణి గదులు కడుతున్నాయేమో ఐదో రోజున ఒకసారి చూసి, కడితే తీసెయ్యండి. రాణిని వదిలిన తరవాత పదో రోజున తెరవండి. తొలి పిల్లలకు అప్పటికి మూతలు పడి ఉంటాయి. మూతలు నున్నగా, గోధుమరంగులో, వరుసగా ఉంటే నెల తరవాత ఇంకోసారి చూడండి. అప్పటికీ మొనదేలిన తలలు కనిపిస్తే ఆ రాణిని తీసేసి, అదే తోటలో జబ్బు పట్టకుండా నిలబడ్డ పెట్టె నుంచి రాణి గదిని తెచ్చి ఇవ్వండి. జబ్బుపడ్డ రాణి సంతతి నుంచి కొత్త పెట్టెలు విడదియ్యకండి.